తొలగింపుకు లెక్క ఎవరు చెప్పాలి?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, న్యాయశాస్త్రం, జర్నలిజం చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

అంతర్జాలంలో జరిగే బహిరంగ చర్చల్లో ఏ మాట ఉండవచ్చు, ఏ మాటను తీసేయవచ్చు అన్న విషయం మీద మాట్లాడమని ఈ సభ ఏర్పాటు చేసినవారు నన్ను అడిగారు. ఏది తీసేయాలన్న దాని మీద ఇప్పటికే చాలామంది మాట్లాడారు, రాశారు. ఆ తగువు ఇప్పట్లో తెగేది కూడా కాదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, తీసేసిన తరువాత అక్కడ ఏం మిగులుతుంది అన్న ప్రశ్న. ఇవాళ దానికే పరిమితమవుతాను.

చట్టసభలతో మొదలుపెడతాను. లోక్‌సభ కార్యవిధాన నియమావళిలోని 380వ నియమం, పరువుకు నష్టం కలిగించేవి, అసభ్యమైనవి, సభామర్యాదకు తగనివి, హుందాతనం లేనివి అని తోచిన మాటలను రికార్డుల నుంచి తొలగించమని ఆదేశించే అధికారాన్ని స్పీకరుకు ఇస్తుంది. పత్రికల్లో తరచు చదివే ‘రికార్డుల నుంచి తొలగించారు’ అన్న వాక్యం వెనక ఉన్నది ఈ నియమమే. దాని పక్కనే ఉన్న 381వ నియమాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తొలగించిన భాగం ఉన్నచోట నక్షత్ర గుర్తులు వేయాలని, అది అధ్యక్షస్థానం ఆదేశం మేరకు జరిగిన తొలగింపు అని తెలిపే వివరణను పుట అడుగున చేర్చాలని ఆ నియమం చెబుతుంది. యాభై ఏళ్ల తరువాత ఆ సంపుటం తెరిచిన పరిశోధకుడికి సభ్యుడు అన్న మాట ఏమిటో తెలియకపోవచ్చు గాని, అక్కడ ఒక మాట ఉండేదని, దాన్ని ఎవరి ఆదేశంతో తీసేశారో మాత్రం తెలిసి తీరుతుంది. ఇటువంటి ఏర్పాటు మన కంప్యూటరు తెరల మీద ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, లేనిచోట ఎందుకు లేదు అన్నదే నా ప్రసంగ విషయం.

మన జంటనగరాల్లో పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసును ముందు చూద్దాం. 2008లో గూగుల్ గ్రూప్స్‌లో, ఆస్‌బెస్టాస్ వాడకాన్ని దేశంలో నిషేధించాలని కోరే ఒక చర్చాబృందం నడిచేది. ఆ ఏడాది జులైలోను, నవంబరులోను ఆ బృందంలో వచ్చిన రెండు రాతలు తమ పరువుకు నష్టం కలిగించాయని, ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్ సికింద్రాబాదు మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు దాఖలు చేసింది. బృందాన్ని నడిపే సమన్వయకర్త మొదటి నిందితుడు, గూగుల్ ఇండియా రెండో నిందితురాలు. తాము మాతృసంస్థకు అనుబంధంగా ఉన్న కంపెనీ మాత్రమేనని, ఆ చర్చాబృందాల మీద తమకు అదుపు లేదని, పైగా ఇతరుల రాతలను మోసే మధ్యవర్తి సంస్థలను కాపాడే ఐటీ చట్టం 79వ సెక్షన్ తమకు రక్షణ ఇస్తుందని గూగుల్ ఇండియా వాదించింది. 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. నోటీసు అందిన తరువాత కూడా ఆ రాతలను ఆపడానికి చిటికెన వేలైనా కదపలేదని ఘాటుగానే వ్యాఖ్యానించింది.

2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 79వ సెక్షన్‌కు విస్తృతమైన రూపం ఇచ్చిన సవరణ 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిందని, 2008 నాటి పాత సెక్షన్ ఐటీ చట్టం కింది నేరాలకే రక్షణ ఇచ్చేది గాని భారత శిక్షాస్మృతి కింది పరువునష్టం నేరానికి ఇచ్చేది కాదని కోర్టు తేల్చింది. అలా అంటూనే, నోటీసుకు స్పందించలేదన్న హైకోర్టు నిర్ధారణను పక్కనపెట్టి, ఆ సంగతి విచారణలోనే తేలాలని చెప్పింది. రాత వచ్చిన నాటికి, అది విచారణకు నిలుస్తుందని తేలిన నాటికి మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఆస్‌బెస్టాస్ ప్రజారోగ్యానికి చేసే హాని మీద చర్చ అవసరమా కాదా, కంపెనీకి నిజంగా నష్టం జరిగిందా లేదా అన్నవాటి జోలికి ఆ పదకొండేళ్లలో ఎవరూ వెళ్లలేకపోయారు.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. ఎవరో ఒకరు నోటీసు పంపినప్పుడు, ఆ మాటను మోస్తున్న సంస్థ ముందు రెండు దారులు ఉంటాయి: ఉంచితే కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు, తీసేస్తే ఏమీ కాదు. రాసినవాడికి తన మాట మీద ఉండే పట్టుదల దాన్ని మోసేవాడికి ఎందుకు ఉంటుంది? అతనికి అది కోట్ల రాతల్లో ఒక రాత. కాబట్టి చట్టం మధ్యవర్తి మీద భారం పెంచిన ప్రతిసారీ, ఆ భారాన్ని చివరకు మోసేది అక్కడ రాసుకునేవాడే.

అమెరికాలో ఈ చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. 1991లో కంప్యూసర్వ్ అనే సంస్థ మీద పరువునష్టం దావా పడితే, ఆ సంస్థ తనలో ఉన్న రాతలను చదివి ఎంపిక చేయదు గనుక పుస్తకాల దుకాణం వంటిదేనని, దానికి బాధ్యత లేదని న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు కేసు కొట్టేసింది. 1994 అక్టోబరులో ప్రాడిజీ అనే మరో సేవలోని ‘మనీ టాక్’ చర్చావేదిక మీద, పేరు తెలియని వ్యక్తి ఒకరు స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల కంపెనీ మోసాలు చేస్తోందని రాశారు. కంపెనీ దావా వేసింది. ప్రాడిజీలో రోజుకు దాదాపు 60,000 రాతలు వచ్చేవి. బూతు మాటలను పట్టే సాఫ్ట్‌వేరు, సభ్యులకు నియమాలు, ఒక్కో వేదికకు ఒక్కో బాధ్యుడు ఉండేవారు. ఇంత శ్రద్ధ తీసుకుంటున్నారు గనుక మీరు దుకాణదారు కారు, ప్రచురణకర్తే అవుతారు, కాబట్టి బాధ్యత మీదేనని 1995లో ఆ రాష్ట్రపు కోర్టు తీర్పు చెప్పింది. అసలేమీ చూసుకోనివాడు బయటపడ్డాడు, చెత్త ఎత్తిపోసినవాడు ఇరుక్కున్నాడు. అన్నట్టు, ఆ షేర్ల కంపెనీ పెద్దలు తరువాతి కాలంలో మోసం కేసుల్లో నేరం ఒప్పుకున్నారు. పేరు తెలియని ఆ వ్యక్తి చేసిన ఆరోపణలో పస ఉందన్నమాట.

ఈ వింత ఫలితాన్ని సరిచేయడానికే 1996లో అమెరికా తన కమ్యూనికేషన్ల చట్టంలో 230వ సెక్షన్‌ను తెచ్చింది. ఇతరులు రాసినదానికి వేదికను ప్రచురణకర్తగా చూడకూడదని, సదుద్దేశంతో అభ్యంతరకరమైనవాటిని తొలగించినందుకు వేదిక మీద దావా నిలవదని అది చెప్పింది. మధ్యవర్తికి ఉంచే స్వేచ్ఛ, తీసేసే స్వేచ్ఛ రెండూ దొరికాయి. రాసినవాడికి కారణం చెప్పే బాధ్యత మాత్రం అందులో లేదు. తరువాత పాతికేళ్లు ప్రపంచమంతా వాడిన పెద్ద పెద్ద వేదికలు ఈ చట్టం నీడలో పెరిగినవే గనుక, కారణం చెప్పకుండా తీసేసే అలవాటు కూడా వాటితోపాటే మన దాకా వచ్చింది.

మన దేశంలో దారి వేరు. 2004 చివర్లో బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల వెబ్‌సైటులో ఎవరో అమ్మకానికి పెట్టిన అశ్లీల వీడియో కారణంగా ఆ సంస్థ అధిపతినే అరెస్టు చేయడంతో, మధ్యవర్తుల రక్షణ గురించి చర్చ మొదలై, 2008 నాటి సవరణకు దారితీసింది. ఆ సవరణ ఇచ్చినదాన్ని 2011 నాటి నిబంధనలు సగం వెనక్కి తీసుకున్నాయి. తనకు నష్టం జరిగిందని ఎవరైనా రాతపూర్వకంగా తెలిపితే మధ్యవర్తి 36 గంటల్లో కదలాలన్నాయి. ఇది ఎలా పనిచేస్తుందో చూద్దామని బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక పరిశోధకుడు, కావాలనే లోపాలతో రాసిన నోటీసులను ఏడు సంస్థలకు పంపాడు. ఏడింటిలో ఆరు, అడగకూడనిది అడిగినా తలొగ్గాయి. అడిగినదానికి మించి తీసేసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ రాతలు రాసినవారికి ఎవరు ఫిర్యాదు చేశారన్నది తెలియదు, ఎందుకన్నదీ తెలియదు. అసలు ఫిర్యాదు ఒకటి వచ్చిందన్నదే చాలామందికి తెలియదు. నా దృష్టిలో ఈ ప్రయోగం బయటపెట్టినది సంస్థల పిరికితనాన్ని కాదు. చప్పుడు లేకుండా తొలగించడం ఎంత చౌకగా జరిగిపోతుందో అది చూపించింది.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందరికీ, అంతర్జాలంలో అభ్యంతరకరమైన రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టేసిన తీర్పుగా గుర్తుంది. ఆ కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ చలమేశ్వర్. తీర్పు రాసినవారు జస్టిస్ నారిమన్. 66ఏ తెలుగునేలను కూడా తాకిందని ఇక్కడి విద్యార్థులకు గుర్తుచేయాలి. ఫేస్‌బుక్ రాత కారణంగా 2013 మే నెలలో చీరాల పోలీసులు ఒక పౌరహక్కుల కార్యకర్తను అరెస్టు చేసిన తరువాతే, పై అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు ఆ నెలలోనే ఉత్తర్వు ఇచ్చింది. అయితే 2015 తీర్పులో మన విషయానికి సంబంధించినది 79వ సెక్షన్ మీద చెప్పిన భాగం. కోట్లలో వచ్చే ఫిర్యాదుల్లో ఏది న్యాయమో ఏది కాదో మధ్యవర్తి తేల్చలేడని, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో అందినప్పుడే అతనికి విషయం ‘తెలిసినట్టు’ లెక్క అని కోర్టు స్పష్టం చేసింది. ఎవడో ఒకడు రాసిన ఉత్తరానికి భయపడి తొలగించవలసిన అగత్యం అలా తగ్గింది.

అదే తీర్పు 69ఏ సెక్షన్‌ను, అంటే కేంద్ర ప్రభుత్వం సమాచారాన్ని నిరోధించే అధికారాన్ని, నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టిందో చూడండి. కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి గనుక, వాటిని రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో సవాలు చేసుకోవచ్చు గనుక, రాసినవారెవరో తెలిస్తే వారి వాదన కూడా వినాలి గనుక అన్నది కోర్టు చూపిన ఆధారం. వినడానికి బాగానే ఉంది. కానీ 2009 నాటి నిరోధ నిబంధనల్లోని 16వ నియమం, వచ్చిన విన్నపాలను, తీసుకున్న చర్యలను గోప్యంగా ఉంచాలంటుంది. కారణం కాగితం మీద ఉంది, కాగితం బీరువాలో ఉంది, బీరువా తాళం మరొకరి దగ్గర ఉంది. తన రాత ఎందుకు కనిపించకుండా పోయిందో తెలియనివాడు ఏ కారణాన్ని సవాలు చేస్తాడు?

ఐటీ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనలు ఈ విషయంలో కొంత ముందుకు వచ్చాయని ఒప్పుకోవాలి. 50 లక్షలకు పైబడి నమోదిత వాడుకరులున్న వేదిక, తనంతట తాను ఒక రాతను తొలగించేటప్పుడు, రాసినవారికి ముందుగా కారణం తెలిపి, వివాదం లేవనెత్తే అవకాశం ఇవ్వాలని నాలుగో నియమంలోని ఎనిమిదో ఉపనియమం చెబుతుంది. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలని, సాధారణంగా 15 రోజుల్లో పరిష్కరించాలని అవి మొదట చెప్పాయి, ఆ 15 రోజుల గడువును 2026లో తగ్గించారు. ఆ పరిష్కారం నచ్చకపోతే అప్పీలుకు 2023లో ప్రభుత్వం మూడు కమిటీలను నియమించింది. ప్రభుత్వం నియమించిన కమిటీ పౌరుడి మాట ఉండాలో వద్దో తేల్చడం సబబేనా అన్నది వేరే పెద్ద చర్చ. నాకు సందేహాలున్నాయి, ఇప్పుడు వాటిలోకి వెళ్లను.

అవే నిబంధనల్లో ఇంకొక అంశం ఉంది, దాని మీద ఒక్క నిమిషం నిలబడాలనిపిస్తుంది. తొలగించిన రాతను, దానికి సంబంధించిన వివరాలను 180 రోజుల పాటు దర్యాప్తు అవసరాల కోసం భద్రపరచాలని మూడో నియమం శాసిస్తుంది. కాబట్టి తొలగించిన రాత ఆ క్షణంలో నశించిపోదు. తెర మీంచి పోతుంది, సర్వరులో ఉంటుంది, అడిగితే పోలీసులకు అందుతుంది. రాసినవాడు తన రాత నకలు తనకు ఇవ్వమని అడిగితే ఇవ్వాలని ఎక్కడా లేదు. అప్పీలు చేసుకునేవాడికి తాను సరిగ్గా ఏ వాక్యం రాశాడో చూపించడానికి ఆధారం ఉండదు. మన దగ్గర ఆనవాలు ఉంచే నియమం లేకపోలేదు, ఉన్నది రాసినవాడికి ఉపయోగపడే నియమం కాదు.

చట్టం సంగతి ఇంతవరకు. చట్టం కంటే ముందే, ఏ చట్టమూ చెప్పకుండానే ఈ పనిని చక్కగా చేసినవాళ్లున్నారు. యూజ్‌నెట్ అని, కంప్యూటర్ల మధ్య నడిచే చర్చాబృందాల వ్యవస్థ ఒకటుండేది. అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లు తొంభైల మొదట్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకుంటూ, సామాజిక విషయాలకు కేటాయించిన ‘సాక్’ విభాగంలోని తెలుగు బృందంలో గంటల తరబడి వాదించుకున్నది అక్కడే. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ఒక రాతను రద్దు చేయాలంటే ‘క్యాన్సిల్’ అనే సందేశం పంపాలి. అది రాసినవాడే పంపాలన్నది మర్యాద, కానీ పేరు మార్చి ఎవరైనా పంపగలిగేవారు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు వలస చట్టాల న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది బృందాల్లో గుమ్మరించినప్పుడు, ఆ తరహా ప్రకటనలను రద్దు చేయడానికి కొందరు స్వచ్ఛందంగా పూనుకున్నారు. వారిలో ‘క్యాన్సిల్‌మూస్’ అన్న మారుపేరు పెట్టుకున్న ఒకరు, తాను దేన్ని రద్దు చేశాడో, ఎందుకు చేశాడో ప్రతిసారీ బహిరంగంగా ప్రకటించేవాడు. సొంతపేరు దాచుకున్న మనిషి కూడా తన చర్యను దాచుకోలేదు. అందుకే జనం అతణ్ణి భరించారు.

అదే ఏడాది చివర్లో దీనికి వ్యతిరేకమైనది జరిగింది. సైంటాలజీ అనే మతసంస్థను విమర్శించే చర్చాబృందంలో రాతలు ఉన్నట్టుండి మాయమవడం మొదలైంది. ఎవరో తమ గుర్తింపు చెప్పకుండా, కాపీహక్కుల ఉల్లంఘన అన్న మాట ఒకటి తగిలించి, రద్దు సందేశాలు పంపుతున్నారు. 1995 జనవరిలో ఆ సంస్థ న్యాయవాది మొత్తం బృందాన్నే తొలగించమని సందేశం పంపారు. సర్వర్లు నడిపేవారిలో ఎక్కువమంది ఖాతరు చేయలేదు. సభ్యులు దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. ‘లాజరస్’ అనే చిన్న ప్రోగ్రాము రాశారు. అది పోయిన రాతను తిరిగి పెట్టదు. ఫలానా రాతను ఫలానా సమయాన ఎవరో రద్దు చేశారు అని మాత్రం ఆ బృందంలోనే ఒక ప్రకటన చేస్తుంది, అంతే. రాసినవారు కావాలనుకుంటే మళ్లీ పెట్టుకుంటారు, వద్దనుకుంటే ఊరుకుంటారు. రహస్యంగా రద్దు చేసేవాడికి రద్దు వల్ల వచ్చే లాభం ఆ ఒక్క ప్రకటనతో పోయింది. పార్లమెంటు పుటలోని నక్షత్ర గుర్తులకు ఇంతకంటే దగ్గరి చుట్టాన్ని నేను కంప్యూటరు లోకంలో చూడలేదు.

ఇవాళ్టి వేదికల్లో కూడా ఆనవాలు ఉంచేవి ఉన్నాయి. రెడిట్‌లో నిర్వాహకుడు తీసేసిన వ్యాఖ్య ఉన్నచోట ఒక గుర్తు, రాసినవారే తీసుకున్న వ్యాఖ్య ఉన్నచోట మరో గుర్తు కనిపిస్తాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లోలో 10,000 పాయింట్లు సంపాదించిన సభ్యులు తొలగించిన సమాధానాలను కూడా చదవగలరు. మనకు అందరికంటే దగ్గరి ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో నిర్వాహకుడు ఒక పేజీని తొలగించగానే, పేజీ పేరు, తొలగించిన నిర్వాహకుడి పేరు, తేదీ, సమయం, చూపిన కారణం తొలగింపు చిట్టాలో చేరతాయి. ఆ చిట్టాను లాగిన్ కాకుండానే ఎవరైనా చూడవచ్చు. పేజీలోని పాఠాన్ని మిగతా నిర్వాహకులు చూడగలరు, తొలగింపు తప్పనుకుంటే పునస్థాపించగలరు. నచ్చనివారు రచ్చబండ పేజీలో అందరి ఎదుటా నిలదీయవచ్చు. అక్కడి తగవులు కొన్నిసార్లు చదవలేనంత పొడుగ్గా ఉంటాయన్న మాట నిజమే. కానీ ఎవరు ఏం చేశారన్న విషయం మీద మాత్రం అక్కడ వాదన ఉండదు, ఎందుకంటే అది చిట్టాలో ఉంటుంది. వాదనంతా చేసినది సరైనదా కాదా అన్నదాని మీదే నడుస్తుంది.

దీనికి అడ్డం తిరిగే పద్ధతి, రాసినవాడికి మాత్రం తన రాత కనిపిస్తూ మరెవరికీ కనిపించకుండా చేయడం. సాంకేతికంగా ఇది పాతదే. వ్యాపార ప్రకటనలు గుమ్మరించే యంత్రాల మీద వాడితే నాకు అభ్యంతరం లేదు, యంత్రానికి అప్పీలు హక్కు అక్కర్లేదు. మనిషి మీద వాడడం మాత్రం మోసమనే అంటాను. తన మాటకు ఎవరూ జవాబివ్వడం లేదని, తన వాదనలో పసలేదేమోనని అతడు అనుకుంటూ కూర్చుంటాడు. శిక్ష పడిందని తెలియని శిక్ష అది.

నిర్వాహకుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోకూడదు. చిన్న చర్చావేదికలను నడిపేది ఎక్కువగా జీతం లేని మనుషులు, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి తగవులు తీర్చేవాళ్లు. ప్రతి తొలగింపుకు కారణం రాస్తే, ఆ కారణం మీద మరో పది వ్యాఖ్యలు వస్తాయని, గొడవ పెట్టుకోవడానికే వచ్చేవాడికి అది పండగ అని వాళ్లంటారు. నిజమే. అందుకు మార్గం, సుదీర్ఘమైన వివరణ ఇవ్వడం కాదు, ఏ నియమం కింద అన్నది ఒక్క వాక్యంలో చెప్పి, దాని మీద అప్పీలును వేరే నిర్వాహకుడు ఒక్కసారి వింటాడని, తరువాత చర్చ ఉండదని ముందే ప్రకటించడం. న్యాయస్థానాల్లో అప్పీలుకు అంతం ఉన్నట్టే ఇక్కడా ఉండవచ్చు.

ఇంకొక అభ్యంతరం మరింత బరువైనది. కొన్ని సందర్భాల్లో ఆనవాలే హాని చేస్తుంది. ఒకరి ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఆరోగ్య వివరాలు, ఏకాంతపు చిత్రాలు ఎవరో బయటపెట్టినప్పుడు, నిర్వాహకుల్లో కూడా పదిమంది చూసేలా దాన్ని దాచుకోవడం బాధితురాలికి రెండో దెబ్బ. నగ్నచిత్రాల వంటివాటి మీద బాధితులో, వారి తరఫువారో ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని 2021 నిబంధనలు మొదట చెప్పడం సమంజసమే. వికీపీడియాలో ఇలాంటివాటికి సాధారణ నిర్వాహకులకు కూడా కనిపించకుండా చేసే పైస్థాయి తొలగింపు ఉంది. సొంతంగా ఆ హక్కు ఉన్నవారు లేని వికీల్లో అన్ని వికీలకూ ఉమ్మడిగా ఎన్నికైన స్టీవార్డులు ఆ పని చేస్తారు. ఇక్కడ కూడా తుడిచేయవలసినది పాఠాన్ని గాని, చర్యను కాదు. ఆ చర్య తాలూకు చిట్టా జనానికి కనిపించకపోయినా, ఆ అధికారం ఉన్న తోటివారికి కనిపిస్తుంది, వారు ఒకరినొకరు తనిఖీ చేసుకుంటారు.

రాసినవాడు తన రాతను తానే తీసేసుకుంటే సంగతేమిటని కొందరు అడుగుతారు. కాలిఫోర్నియాలోని ‘వెల్’ అనే తొలితరం చర్చావేదికలో 1990లో ఒక సభ్యుడు తాను ఏళ్ల తరబడి రాసినదంతా ఒక్కసారిగా చెరిపేశాడు. మీ మాటలు మీ సొంతం అన్నది ఆ వేదిక ప్రకటించుకున్న సూత్రమే కాబట్టి ఆ హక్కు అతనికి ఉంది. కానీ అతనికి జవాబుగా రాసినవారి మాటలు ప్రశ్న లేని సమాధానాలుగా మిగిలిపోయాయి. మిగతా సభ్యులు బాధపడ్డది అందుకే. రచయితకు తన పేరును, తన పాఠాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఉండాలనే నేనంటాను. అయితే ఆ చోట ‘రచయిత తీసుకున్నారు’ అన్న గుర్తు ఉండాలి. లేకపోతే జవాబిచ్చినవారు గాలిలో పోట్లాడినవారుగా కనిపిస్తారు, తీసేసిన నింద అన్యాయంగా నిర్వాహకుల మీద పడుతుంది.

వేదికే పోతే మరీ ఘోరం. యాహూ సంస్థ తన గ్రూపుల్లో పేరుకున్న పాత సంభాషణలను తుడిచేస్తున్నట్టు 2019 అక్టోబరులో ప్రకటించి, 2020 డిసెంబరులో ఆ సేవనే మూసేసింది. తెలుగు సాహిత్యం మీద, ఛందస్సు మీద, లిపి మీద సాగిన చర్చలు కూడా ఆ గ్రూపుల్లో ఉండేవి. ఎవరైనా ముందుచూపుతో దించుకున్నవి మిగిలాయి, మిగతావి పోయాయి. ఎవరి మీదా కోపంతో చేసిన తొలగింపు కాదది, ఖర్చు లెక్కల్లో చేసినది.

చివరగా మన భాష సంగతి. తొలగింపు నిర్ణయాల్లో చాలా భాగం ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి, మిగిలినవి పొరుగుసేవల కార్యాలయాల్లో కూర్చున్న యువతీయువకులు చేస్తున్నారు. మన హైదరాబాదులోనే ఆ పని జరుగుతోందని, జీతం తక్కువ, ఒత్తిడి ఎక్కువ అని వారు వాపోతున్నారని 2019లోనే వార్తాసంస్థలు రాశాయి. తెలుగులో కులం పేరు ఎత్తకుండానే కులాన్ని తిట్టగలం, ఊరి వాడుకలో మామూలుగా ఉండే మాటతో మనిషిని చంపినంత పని చేయగలం. దాన్నే రోమన్ అక్షరాల్లో పదిరకాల వర్ణక్రమాలతో రాస్తాం. యంత్రం వాటిని వదిలేసి, మాండలికంలో రాసిన అమాయకపు ఎకసెక్కాన్ని పట్టుకుంటుంది. ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా జరిగే భాషలోనే కారణం చెప్పడం ఎక్కువ అవసరం.

ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం 17వ అధికరణంలో, ప్రతి తొలగింపుకు కారణాల వివరణ రాసినవారికి ఇవ్వాలని, అందులో యంత్రం పాత్ర ఉంటే అది కూడా చెప్పాలని శాసించింది. పెద్ద వేదికలు ఇచ్చే ఆ వివరణలు 2023 నుంచి ఒక బహిరంగ నిల్వలో చేరుతున్నాయి. మన దగ్గర 2022 అక్టోబరు సవరణ, వేదికలు తమ నియమాలను వాడుకరి కోరుకున్న ఎనిమిదో షెడ్యూలు భాషలో, అంటే కోరితే తెలుగులో, తెలియజేయాలని చెప్పింది. నియమాలకు వర్తించే ఆ మాట, ఆ నియమాల కింద తీసేసినప్పుడు చెప్పే కారణానికి కూడా వర్తించేలా మరొక్క ఉపనియమం చేర్చాలని, 180 రోజులు దాచే నకలును రాసినవారు అడిగితే వారికి కూడా ఇవ్వాలని, చట్టవిరుద్ధమైన పాఠానికి మాత్రం మినహాయింపు ఉండాలని నా అభిప్రాయం. ఈ మూడింటికీ చట్టసవరణ అక్కర్లేదు, నిబంధనల సవరణతోనే అయ్యే పని. మధ్యవర్తి సంస్థలు ఖర్చు ఎక్కువంటాయి. దర్యాప్తు కోసమని ఇప్పటికే దాస్తున్న నకలును రాసినవారికి పంపడానికి అయ్యే ఖర్చు ఎంతో వారినే చెప్పమని అడగాలి.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఇందులో విభేదించేవారు ఇక్కడ ఉన్నారని ముఖాలే చెబుతున్నాయి, వారి ప్రశ్నలు ముందు విందాం.